ముడి వేయని కప్పు

నడి ఎండాకాలంలో ఇంటి కప్పు లేచిపోతే ఏం చేయాలని ఇప్పటి కోడళ్లు నన్నడిగితే ఒకటే చెబుతాను. మేస్త్రికి కబురు పంపండి, వాడు రాడని ముందే అనుకోండి, వచ్చినా మీరు చెప్పిన పని చేయడని కూడా అనుకోండి. మా ఇంట్లో ఇవన్నీ ఒక్క ఎండాకాలంలోనే జరిగాయి. అప్పుడు నాకు ఎనిమిదో నెల.

మాది పాలకొల్లు బజారు వీధి. ముందు అంగడి, వెనక ఇల్లు. ఉప్పు, బెల్లం, చింతపండు, మిరపకాయలు అమ్మేవాళ్లం. అంగడికి పెంకుల కప్పు, ఇంటికి తాటాకు కప్పు. సరుకు తడిస్తే నష్టం, మనుషులు తడిస్తే తుడుచుకుంటారు అని మా మామగారు అనేవారు. షావుకార్ల ఇళ్లల్లో మనుషుల సంగతి ఎప్పుడూ సరుకు తర్వాతే. కానీ ఎండాకాలం వస్తే సుఖం మాదే అయ్యేది. మధ్యాహ్నం అంగట్లో పెంకుల కింద కూర్చుంటే బెల్లంతో పాటు మనమూ కరగాల్సిందే. వెనక ఇంట్లోకి వస్తే మందపాటి మట్టిగోడలు, తల వంచి దూరాల్సినంత కిందికి దిగిన చూరు, లోపల చల్లటి చీకటి. మా ఆయన భోజనం చేసి చాప కూడా వేసుకోకుండా ఆ నేల మీదే పడుకునేవారు. రాజమండ్రిలో దొరల బంగళాల గుమ్మాలకు వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లుతారనీ, పంకా లాగడానికి ఒక మనిషి ఉంటాడనీ ఆయన ఎక్కడో విని వచ్చి చెప్పారు. అవన్నీ ఉండి కూడా దొరలు వేసవికి కొండలెక్కి పోతారట. మా కప్పు కింద ఒక్క మధ్యాహ్నం పడుకుని ఉంటే ఎక్కడికీ పోయేవారు కాదు.

ఆ ఏడు రోహిణి కార్తె ఇంకా రాకుండానే ఎండలు మండిపోయాయి. కాలువలకు నీళ్లు కట్టేశారు. నూతిలో చేదకు బురదనీళ్లు వస్తున్నాయి. ఒకనాటి సాయంత్రం పడమట ఎర్రగా దుమ్ము లేచి, చూస్తుండగానే గాలి మా వీధి మీద పడింది. వానైనా పడుతుందని ఆశపడ్డాం. చుక్క రాలలేదు. గాలి తగ్గాక తల ఎత్తి చూస్తే మా ఇంటి పడమటి వాలు మీద ఆకు లేదు. ఉత్త వాసాలు మిగిలాయి. ఆకంతా వీధిలో పడి ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి సంగతి అర్థమైంది. పొద్దు నడినెత్తి దాటగానే ఎండ వాసాల మధ్య నుంచి నేరుగా ఇంట్లోకి దిగింది. నా మంచాన్ని తూర్పు గోడకు జరిపారు. ఎండ అక్కడికీ వచ్చింది. మూలకు జరిపారు. గోడలు రాజుకుని, పొద్దు పోయాక కూడా వేడి కక్కుతున్నాయి. తడిపిన గోనెపట్టాలు వాసాల మీద పరిస్తే అవి కాసేపటికే ఎండి చెక్కల్లా బిగుసుకునేవి, తర్వాత గాలికి కిందపడేవి. తడపడానికి నీళ్లేవి? తాగడానికే బట్టతో వడకట్టుకుంటున్నాం.

కప్పు వేయించుకోవచ్చు కదా అని మీకు తోచే ఉంటుంది. మా ఇళ్లల్లో చూలాలు ఉండగా ఇంటికి పని చేయించరు. గుంజ పాతకూడదు, మేకు కొట్టకూడదు, కప్పుకు ముడి వేయకూడదు. కడుపులో బిడ్డకు తగులుతుందంటారు. పుట్టింటికి పంపిద్దామంటే మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, పైగా ఎనిమిదో నెలలో చూలాలిని గడప దాటించరు. ఇరుగింట్లో పడుకోబెట్టడానికి కూడా అత్తగారు ఒప్పుకోలేదు. అంగట్లోకి మారుద్దామంటే పెంకుల కింద ఇంకా ఘోరం, పైగా అది నలుగురు మగవాళ్లు వచ్చిపోయే చోటు.

ఇదంతా అత్తగారి చాదస్తమని కొట్టిపారేయగలిగితే నాకు ఇంత బాధ ఉండేది కాదు. అంతకు రెండేళ్ల ముందు నా తొలి చూలప్పుడు, అంగడి ముందు పందిరి వేయిద్దామని మామగారు గుంజలు పాతించారు. వద్దని అత్తగారు అడ్డం పడ్డారు. అంగడి వేరు, ఇల్లు వేరు అని మామగారు తోసిపారేశారు. నెలలు నిండాక పుట్టిన బిడ్డ ఏడవలేదు. మగపిల్లాడు. మామగారు ఆ పందిరి పీకించేసి, ఆ గుంటల్ని తన చేతులతో పూడ్చుకున్నారు. ఆ తర్వాత ఆయన అంగట్లో కూర్చున్నది తక్కువ. ఏడాది తిరక్కుండా పోయారు. పోయే ముందు అత్తగారిని పిలిచి, నువ్వు చెప్పావే, నేను వినలేదే అన్నారట. ఆ మాట అత్తగారి గుండెలో దిగబడిపోయింది. నా గుండెలోనూ దిగబడింది. కప్పు వేస్తే బిడ్డ పోతుందని నాకూ భయమే. వేయకపోతే ఈ ఎండకు పోతుందని ఇంకో భయం. రెంటి మధ్యా మంచం మీద పడి చూరు వైపు చూస్తూ ఉండేదాన్ని.

మేస్త్రికి మాత్రం మా ఆయన మొదటిరోజే కబురు పెట్టారు. ఏం చేయాలో వాడు వచ్చాక చూద్దామన్నారు. తొలకరి లోపు ఊళ్లో అందరూ ఇళ్లు నేయించుకుంటారు కనుక ఆ రోజుల్లో ఇళ్లు నేసేవాళ్లు చేతికి దొరకరు. దానికి తోడు ఈ గాలి. ప్రతి ఇంటివాడూ తన కప్పే ముందు కావాలంటాడు. మేస్త్రి రేపన్నాడు. రేపు వెళ్తే ఎల్లుండన్నాడు. మా ఆయన వెళ్లి వాడు పని చేస్తున్న ఇంటి కింద నిలబడి బతిమాలుతుంటే, పైనుంచి వాడు దొరలా సమాధానం చెప్పేవాడట. ఆయనకు కోపం రావడం తెలీదు. నాకు తెలుసు. నేను వెళ్లి ఉంటే ఆ నిచ్చెన లాగేసి ఉండేదాన్ని.

చివరికి వచ్చాడు. భారీ మనిషి, నోట్లో చుట్ట. నడవాలో నిలబడి, తల ఎత్తి వాసాలన్నీ చూశాడు. వెదురు దబ్బలు కొన్ని విరిగాయనీ, వాసాలు గట్టిగానే ఉన్నాయనీ, ఆకు తడిపి ఉంచుకుంటే ఒక్క పూటలో నేసేస్తాననీ పెద్ద గొంతుతో చెప్పుకుపోయాడు. అప్పుడు మూలనున్న మంచం కంటబడింది. చుట్ట తీసేశాడు. ఎన్నో నెల అని అత్తగారిని మెల్లగా అడిగాడు. ఆవిడ చెప్పారు. వాడు మళ్లీ తల ఎత్తలేదు.

"నా వల్ల కాదండి అమ్మగారూ. నాకూ పిల్లలున్నారండి," అన్నాడు.

నేసేవాడే భయపడుతున్నాడంటే ఇంక అడగడానికేముంది? అత్తగారు అవునన్నట్టు తల ఊపారు. అప్పుడు మా ఆయనకు ఒక ఉపాయం తట్టింది. ముడి వేయకుండా, మేకు కొట్టకుండా, ఉత్తినే వాసాల మీద ఆకు పరిచి పైన బరువులు పెడితే అది ఇంటిపని కిందికి వస్తుందా అని అడిగారు. అందరం ఆలోచనలో పడ్డాం. ఏటేటా కప్పు మీద వడియాలు ఎండబెట్టుకుంటాం, దాన్ని ఇల్లు కట్టడం అనం కదా అన్నారు అత్తగారు. మేస్త్రి కూడా, పరవడానికైతే తనకు అభ్యంతరం లేదన్నాడు. ఇంతమంది పెద్దవాళ్లు కలిసి ఇంత తెలివితక్కువ పనికి ఇంత సంతోషంగా ఒప్పుకోవడం నేను మళ్లీ చూడలేదు. నేనూ ఒప్పుకున్నాను. నాకు నీడ కావాలి.

ఆ సాయంత్రమే పని అయిపోయింది. వరస మీద వరస ఆకు పరిచారు. బరువుకు అంగట్లో ఉన్న తూనికరాళ్లన్నీ పైకెక్కాయి. అవి చాలకపోతే చిన్న చిన్న సంచుల్లో ఉప్పు కట్టి పెట్టారు. మర్నాడు అంగట్లో తూకం వేయడానికి రాళ్లు లేక మా ఆయన పక్క అంగడి నుంచి అరువు తెచ్చుకున్నారు. మేస్త్రి వెళ్తూ వెళ్తూ, గాలి వస్తే తనను అడగొద్దని చెప్పి, వీధి చివర ఇంకో ఇంటి పనికి పోయాడు.

ఒక రోజు హాయిగా గడిచింది. ఆ నీడలో చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను. బిడ్డ ఒకటే తన్నడం. అత్తగారు ముంజెలు ఒలిచి పెడితే తిన్నాను.

మర్నాడు పొద్దున్నుంచే గాలి వేడిగా కొడుతోంది. మధ్యాహ్నానికి ఆకులు గలగలమనడం మొదలైంది. మొదట ఒక ఉప్పుసంచి చిరిగి నా కాళ్ల మీద ఉప్పు ధారగా కారింది. ఏమిటా అని లేవబోయేంతలో పైన ఏదో దొర్లిన చప్పుడయింది. వీశె తూనికరాయి వాసాల సందులోంచి జారి నా తలకు జానెడు దూరంలో ఉన్న నీళ్లకుండ మీద పడింది. కుండ బద్దలై ఆ నీళ్లు, ఆ పెంకులు నా ముఖం మీదికి చిమ్మాయి. వెంటనే పరిచిన ఆకంతా ఒక్కసారిగా జారిపోయి దొడ్లో పడింది. ఎండ మళ్లీ మంచం మీద నిలబడింది. ఇంకా ఏ రాయి ఎక్కడుందో తెలియక, మా ఆయన మంచాన్ని నాతో సహా గుమ్మం దగ్గరికి ఈడ్చారు. అక్కడ వడగాలి నేరుగా కొడుతోంది.

కాసేపటికి నాకు వాంతి అయింది. తల గిర్రున తిరుగుతోంది. చెమట పట్టడం ఆగిపోయి ఒళ్లు పొడిగా, కాలుతూ ఉంది. అప్పుడు నాకు తట్టింది. పొద్దున్నుంచి బిడ్డ కదల్లేదు. పక్కకు తిరిగి పడుకున్నాను. పొట్ట మీద చేత్తో తట్టాను. మజ్జిగ తాగాను. ఏమీ లేదు. తొలిసారీ ఇలాగే అయింది. పురిటికి ముందు అది కదలడం మానేస్తే, నిద్రపోతోందిలే అనుకుని ఎవరికీ చెప్పలేదు. ఈసారి చెప్పాను.

"అత్తయ్యగారూ, కదలడం లేదు."

ఆవిడ కూర్చుని నా పొట్ట మీద చెయ్యి వేశారు. చెవి ఆనించి చాలాసేపు విన్నారు. మంత్రసానిని పిలిపించారు. ఆమె వచ్చి చూసి, ఈ ఎండలో మనిషిని ఎక్కడికీ కదపొద్దనీ, ఒళ్లు చల్లబడితే గానీ తాను చెప్పగలిగిందేమీ లేదనీ, ముందు నీడ చూడమనీ అంది. నాకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. చచ్చిపోతానన్న భయం కంటే, మళ్లీ ఒక ఏడవని బిడ్డను చూడాల్సి వస్తుందన్న భయమే ఎక్కువగా ఉంది.

మా ఆయన కండువా నడుముకు చుట్టి, నిచ్చెన తెచ్చి చూరుకు ఆనించారు. తానే ఎక్కి కడతానన్నారు. అత్తగారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశారు. బిడ్డ తండ్రి ముడి వేస్తే అంతకంటే కీడు లేదని మావాళ్ల నమ్మకం. మేస్త్రిని పిలుచుకు రమ్మని పంపారు. వాడు వచ్చాడు, ఈసారి వెంటనే వచ్చాడు. నన్ను చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా. కానీ ముడి మాట ఎత్తగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఎంతిస్తామన్నా వద్దన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. వాడి పిల్లలు వాడికి ఉన్నారు.

అత్తగారు నా వైపు చూశారు. తర్వాత కప్పు వైపు చూశారు. మామగారు పోయాక ఆవిడ వీధి గడప దాటలేదు. అంగట్లోకి తొంగి కూడా చూసేవారు కాదు. ఆవిడ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, నార కట్ట భుజాన వేసుకుని నిచ్చెన దగ్గరికి వెళ్లారు.

"ఆకు నువ్వు అందించు. ఎలా కట్టాలో చెప్పు. ముడి నేనేస్తాను," అన్నారు మేస్త్రితో.

మా ఆయన ఏదో అనబోతే, నిచ్చెన గట్టిగా పట్టుకోమన్నారు. అంతే. బజారు వీధంతా చూస్తుండగా, ముసుగు జారిపోతున్నా పట్టించుకోకుండా, ఆ వయసులో, ఎన్నడూ అటకైనా ఎక్కని ఆ మనిషి కప్పు మీదికెక్కారు. కింద పడుకున్న నాకు వాసాల మధ్య నుంచి ఆవిడ పాదాలు, చేతులు కనిపిస్తున్నాయి. మొదటి ఆకు పెట్టారు. నార చుట్టారు. బిగించే ముందు ఒక్క క్షణం ఆగి, గట్టిగా, ఆకాశం వైపు చూస్తూ చెప్పారు.

"ఈ ముడి నేను వేస్తున్నాను. ఈ ఇంట్లో ఇంకెవరూ వెయ్యలేదు. ఏం అడిగినా నన్నే అడగాలి."

మేస్త్రి నిచ్చెన మీద నిలబడి ఆకు అందిస్తూ, ఇంకా బిగించండమ్మగారు, చూరు వైపు లాగండమ్మగారు అంటూనే ఉన్నాడు. మొదటి ముడులు వదులైతే విప్పి మళ్లీ వేశారు. మట్టల అంచులు రంపాలు. ఆవిడ వేళ్లు కోసుకుపోయి నార ఎర్రబడటం కింద నుంచే కనిపించింది. దిగిపొమ్మని చెప్పాలనిపించింది. కానీ చెప్పలేదు. నా పాదాల మీదికి నీడ వచ్చింది. తర్వాత మోకాళ్ల మీదికి. మంత్రసాని తడిగుడ్డ మారుస్తోంది. నీడ పొట్ట మీదికి వచ్చినప్పుడు కళ్లు మూసుకున్నాను. ప్రతి ముడికీ నాకు లోపల ఏదో కోసినట్టే ఉంది. నేనూ ఆ నమ్మకంలో పుట్టినదాన్నే.

పొద్దు వాలుతుండగా ముఖం మీదికి కూడా నీడ వచ్చేసింది. నాకు చెమట పట్టింది. ఇంకాసేపటికి కుడిపక్క, డొక్క కింద, చిన్నగా ఒక తోపు. అబద్ధమేమో అనుకున్నాను. మళ్లీ తోసింది. మంత్రసాని చేయి పట్టుకుని అక్కడ పెట్టాను. ఆమె లేచి, నిచ్చెన పట్టుకుని ఉన్న మా ఆయనకు చెప్పింది. ఆయన పైకి చూసి, అమ్మా, కదిలింది అన్నారు.

పైన చేతులు ఆగాయి. తర్వాత ఆవిడ మేస్త్రిని ఇంకో ఆకు అందించమన్నారు.

తొలకరి వానలు పడ్డాక నాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే వీధంతా వినపడేట్టు ఏడ్చింది. బతికే పిల్ల అని మంత్రసాని నవ్వింది. పురిటి గదికి కావాల్సినవన్నీ అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి చేయించారు. బాలింత మందు కాయం ఎంత పెట్టాలో, సాంబ్రాణి ఎంత వేయాలో అన్నీ అక్కణ్నుంచే. కానీ బిడ్డను ముట్టుకోలేదు. మా ఇళ్లల్లో పసిపిల్లకు నాయనమ్మే కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తుంది. ఆవిడ దానికి ఒక మనిషిని కుదిర్చారు. బారసాలనాడు పేరంటాళ్లు బిడ్డను ఎత్తుకోమంటే నడుం నొప్పన్నారు. కప్పెక్కిన మనిషికి పసిపిల్లను ఎత్తుకోవడానికి నడుం నొప్పా? ఆడపిల్లని చిన్నచూపేమోనని నాకు ఒళ్లు మండింది.

పేరంటాళ్లు వెళ్లాక, అత్తగారు వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటే, బిడ్డను ఎత్తుకుని ఎదురుగా నిలబడ్డాను. మీకు ఈ పిల్ల ఇష్టం లేదా అని మొహం మీదే అడిగేశాను.

ఆవిడ తన అరచేతులు చూసుకున్నారు. కోతలు మానిపోయి గీతలుగా మిగిలాయి.

"ఆ ముడులు ఈ చేతులతో వేశాను, అమ్మాయ్. దోషం నేను తీసుకున్నాను కదా. అది ఎక్కడికి పోతుంది? ఈ చేతుల్లోనే ఉంది. పిల్లను ముట్టుకుంటే దానికి అంటుతుంది. నేను దూరం నుంచి చూసుకుంటాను. నాకు చాలు."

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ ఈవిడ గుమ్మం దాటి లోపలికి ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. దోషం లేదని చెప్పడానికి నాకే ధైర్యం లేదు. వంగి, పిల్లను ఆవిడ చాపిన కాళ్ల మీద పడుకోబెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయాను.

అమ్మాయ్ అని పిలిచారు. పలకలేదు. తలుపు చాటు నుంచి చూశాను. ఆవిడ రెండు చేతులూ బిడ్డకు తగలకుండా పైకెత్తి పట్టుకుని ఉన్నారు. కాళ్లు కదపడానికి కూడా భయపడుతున్నారు. పిల్ల ఊరుకుంటుందా, కాళ్లు ఆడించడం మొదలుపెట్టింది. కొద్దికొద్దిగా పక్కకు జరుగుతోంది. అమ్మాయ్, పడిపోతుంది, వచ్చి తీసుకో అన్నారు. నేను తలుపు గట్టిగా పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

పిల్ల ఇంకాస్త జారింది. అప్పుడు పట్టుకున్నారు.